టేకు బల్ల మీద తెల్ల వలయం

వేడి కాఫీ గ్లాసు పెట్టిన చోట టేకు బల్ల మీద తెల్లటి వలయం మిగిలిపోతే, చెక్క పాడైపోయిందని చాలామంది బాధపడతారు. నిజానికి ఆ మచ్చ చెక్క దాకా పోనే లేదు. చెక్క మీద వేసిన పాలిష్ ఆరి, చాలా పలుచని గట్టి పొరగా నిలిచి ఉంటుంది. గ్లాసు వేడికి ఆ పొర మెత్తబడుతుంది, గ్లాసు అడుగున చేరిన తేమ అందులోకి దిగుతుంది, చల్లారాక అక్కడే చిక్కుకుపోతుంది. కంటికి ఆననంత చిన్న ఆ నీటి రేణువులు వెలుగును అన్ని వైపులకూ చెదరగొట్టడం వల్ల, అప్పటిదాకా చెక్క రంగును చూపించిన పారదర్శకమైన పొర అంత మేరకు తెల్లబడుతుంది. నల్లటి మచ్చ సంగతి వేరు. నీరు పొరను దాటి చెక్కలోకే దిగినప్పుడు ఏర్పడే మచ్చ అది. రంగును బట్టి మచ్చ లోతు తెలుస్తుంది కాబట్టి, తుడవడానికి పూనుకునే ముందు చూడవలసింది రంగునే.

మన ఇళ్లలోని పాత కుర్చీలకు, బీరువాలకు ఎక్కువగా వేసింది లక్క పాలిష్. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద బతికే లక్క పురుగులు తమ చుట్టూ స్రవించుకునే జిగురే లక్క. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలు దీనికి పేరుపడ్డాయి. లక్క మీద పరిశోధన కోసమే 1924లో రాంచీ దగ్గర ఒక సంస్థ ఏర్పడింది. శుద్ధి చేసిన లక్కను స్పిరిట్‌లో, అంటే ఆల్కహాల్‌లో కరిగించి, దూదిని గుడ్డలో చుట్టి, దానితో పలుచగా పొర మీద పొర పూస్తారు. స్పిరిట్ ఆవిరైపోతుంది, లక్క మిగులుతుంది. ఈ లక్క 75 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడుతుంది. ఏటికొప్పాక బొమ్మల తయారీకి ఆధారం ఈ గుణమే. గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగు లక్క కడ్డీని ఆనించి నొక్కితే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్ర మీద సమానంగా పరుచుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో దానికి మెరుపు తెస్తారు. రాపిడి వేడికే కరిగే పదార్థం పొగలు కక్కే గ్లాసు కింద మెత్తబడటంలో ఆశ్చర్యం లేదు.

ఇటీవలి సామానుకు మెలమైన్, పాలీయూరిథేన్ పూతలు వేస్తున్నారు. ఇవి ఆరేటప్పుడు అణువులు ఒకదానితో ఒకటి వలలాగా అల్లుకుపోతాయి కాబట్టి వేడికీ, నీటికీ, స్పిరిట్‌కూ సులభంగా లొంగవు. మన బల్లకు ఏ పూత ఉందో తెలియకపోతే, కనిపించని చోట, అంటే బల్ల అడుగు అంచున, ఒక చుక్క స్పిరిట్ వేసి కాసేపు ఆగి చూడాలి. జిగటగా మారితే అది లక్క పాలిష్. ఏ మార్పూ లేకపోతే కొత్త రకం పూత అయి ఉంటుంది. కొత్త పూతలే మేలని నేను అనను. అవి గీతలను బాగా తట్టుకుంటాయి గానీ, ఒకసారి లోతుగా గీత పడితే అతుకు కనపడకుండా బాగుచేయడం చాలా కష్టం. లక్క త్వరగా దెబ్బతింటుంది, కానీ కొత్తగా పూసిన లక్క పాత పొరను కొద్దిగా కరిగించి దానితో కలిసిపోతుంది. రోజూ పళ్లేలు పెట్టే భోజనాల బల్లకు పాలీయూరిథేన్, తరాలుగా వస్తున్న పాత బీరువాకు లక్క తగినవని నా అభిప్రాయం.

తెల్ల వలయం దానంతటదే పోతుందేమోనని ఒకటి రెండు రోజులు చూడటం మంచిది, ఎందుకంటే చిక్కుకున్న తేమ కొంత మెల్లగా ఆవిరవుతుంది. పోకపోతే హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో, కాస్త దూరం నుంచి ఆడించాలి. అప్పటికీ మిగిలితే, లక్క పాలిష్ అయితేనే, స్పిరిట్ అంటీ అంటనట్టుగా తడిపిన గుడ్డను ఒక్కసారి తేలికగా లాగాలి. రుద్దితే పాలిష్ ఊడి వస్తుంది.

గీతలకు అసలు కారణం చాలాసార్లు మనం వాడే దుమ్ముగుడ్డే. ఇంట్లోకి వచ్చే మట్టి దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు, అంటే ఇసుకలో ఉండే గట్టి ఖనిజపు రేణువులు ఉంటాయి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కాఠిన్య మానంలో క్వార్ట్జ్ స్థానం 7. చెక్క మీది ఏ పూతా అందులో సగానికి కూడా చేరదు. పొడిగుడ్డతో గట్టిగా తుడిచినప్పుడు ఆ రేణువులు ఉప్పుకాగితం పని చేసి వేల సన్నని గీతలు గీస్తాయి. మెరుపు తగ్గి బల్ల మసకబారేది వీటి వల్లే. గుడ్డను తడిపి గట్టిగా పిండి, చెక్క నార వెంబడి తేలికగా తుడిస్తే రేణువులు గుడ్డకు అంటుకుని లేచిపోతాయి. పలుచగా తేనెమైనం పూసి ఉంచడం వల్ల కూడా మేలు ఉంది. అది నీటిని పెద్దగా ఆపదు, 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది కాబట్టి వేడికీ అక్కరకు రాదు, కానీ ఉపరితలాన్ని నునుపు చేయడం వల్ల గిన్నె అంచు గీరుకోకుండా జారిపోతుంది. ఇక బరువు పడి ఏర్పడిన సొట్ట గీత కాదు. అక్కడ చెక్క కణాలు తెగలేదు, నొక్కుకుపోయాయి. పాలిష్ లేని చెక్క మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే, ఆవిరికి కణాలు ఉబ్బి సొట్ట చాలావరకు పైకి వస్తుంది.

పసుపు మరక విషయంలో తొందర పనికిరాదు. పసుపుకు రంగునిచ్చే కర్‌క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది, కాబట్టి కూర ఒలికినప్పుడు నూనె దాన్ని పూతలోని సన్నని పగుళ్లలోకి మోసుకుపోతుంది. సబ్బు పెట్టగానే మరక ఎర్రబడితే కంగారు పడనక్కరలేదు, అది సబ్బులోని క్షారం వల్ల వచ్చిన రంగు మార్పే. ముందుగా పొడిగుడ్డతో అద్ది నూనెను తీసేయాలి. మిగిలిన పసుపు వెలుతురు తగిలే చోట కొన్ని రోజుల్లో వెలిసిపోతుంది, ఎందుకంటే కర్‌క్యుమిన్ అణువు కాంతికి విరిగిపోతుంది.

నల్ల మచ్చ ఇంత సులభంగా పోదు. చెక్కలోని టానిన్లు అనే వగరు పదార్థాలు, మేకు నుంచో పూలకుండీ స్టాండు నుంచో వచ్చిన ఇనుము తుప్పు, తేమ కలిస్తే నల్లటి పదార్థం పుడుతుంది. తోలు పదునుకు వాడే నల్లతుమ్మలో టానిన్లు చాలా ఎక్కువ కాబట్టి ఆ చెక్క మీద తడి ఇనుము పెడితే మచ్చ త్వరగా పడుతుంది. ఈ మచ్చను తీయాలంటే పాలిష్ తొలగించి, ఆక్సాలిక్ ఆమ్లం పూయాలి. అది విషపదార్థం, చేతులకు గ్లవ్స్ వేసుకుని చేయవలసిన పని.

బల్లను కాపాడటానికి పరిచే ప్లాస్టిక్ షీటే చాలా ఇళ్లలో బల్లను పాడు చేస్తోంది. ఆ షీటు తయారయ్యే పీవీసీ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్లు దానితో గట్టిగా బంధించుకుని ఉండవు. ఎండాకాలం వేడికి అవి మెల్లగా పాలిష్ పొరలోకి దిగి దాన్ని మెత్తబరుస్తాయి, చివరికి షీటును లాగితే పాలిష్ కూడా ఊడి వస్తుంది. నూలు గుడ్డ గానీ కార్క్ చాప గానీ ఎంతో మేలు. గాజు పలక వేసేవారు మూలల్లో చిన్న బిళ్లలు అతికించి గాలి ఆడే సందు వదలాలి.

కొబ్బరి నూనె రుద్దితే చెక్క మెరుస్తుంది గానీ ఆ మెరుపు నిలవదు. అందులోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు 90 శాతం సంతృప్తమైనవి, అంటే గాలిలోని ఆక్సిజన్‌తో సులభంగా కలవనివి కావడం వల్ల అది ఎన్నాళ్లయినా ఆరదు, దుమ్మును పట్టి ఉంచుతుంది. అవిసె గింజల నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టి పొరగా మారుతుంది కాబట్టి చెక్కకు తగినది అదే. అయితే ఆ చర్యలో వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండలా చుట్టి మూలన పడేస్తే, ఆ వేడి బయటికి పోలేక అవి వాటంతటవే అంటుకున్న సందర్భాలు ఉన్నాయి. వాడిన వెంటనే వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరనివ్వాలి, లేదా నీళ్లలో ముంచి పారవేయాలి.