పిల్లల ఆపరేషన్‌లో బీపీ దించడం: అపోహలు - వాస్తవాలు

రక్తం తక్కువ పోవాలని కొన్ని ఆపరేషన్లలో మందులతో బీపీని కావాలనే దించుతారు.

అపోహ: బీపీ ఎంత దించితే రక్తం అంత తక్కువ పోతుంది.

వాస్తవం: ధమనుల విషయంలో చాలావరకు సరే. గూని సరిచేసే వెన్ను ఆపరేషన్‌లో విసిగించేవి మాత్రం వెన్నుపాము చుట్టూ ఉండే సిరలు. వాటికి కవాటాలుండవు. బోర్లా పడుకోబెట్టిన బిడ్డ పొట్ట నొక్కుకుపోతే ఆ ఒత్తిడి నేరుగా వాటికే చేరుతుంది. సగటు బీపీ (పై, కింది అంకెల మధ్య నిలిచే సగటు ఒత్తిడి) 55కి దించినా రక్తపు ఊట ఆగదు. మందు పెంచేముందు వంగి టేబుల్ కిందనుంచి చూడండి, పొట్ట దేనికీ ఆనకుండా ఉందా అని. ఒళ్లు 36 డిగ్రీలకన్నా చల్లబడిందా? రక్తస్రావం తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ కిలోకు 10–15 మి.గ్రా. చొప్పున, 15 నిమిషాలపాటు, కోతకు ముందే ఎక్కిందా? ఇవి చూసుకోకుండా బీపీ జోలికి వెళ్లడం మా దృష్టిలో తొందరపాటే.

అపోహ: సగటు బీపీ 60 అంటే ఏ బిడ్డకైనా 60.

వాస్తవం: వయసును ఒకటిన్నరతో గుణించి 55 కలపండి. ఆరేళ్లకు సగటు బీపీ సుమారు 64, పద్నాలుగేళ్లకు 76. అదే 60 పెద్దపిల్లకు బాగా దించినట్టు, చిన్నదానికి దాదాపు మామూలే. అందుకే సొంత బీపీలో 20–30 శాతానికి మించి దించం. ఆ సొంత బీపీ వార్డులో నెమ్మదిగా ఉన్నప్పుడు కొలిచింది కావాలి, థియేటర్ గుమ్మంలో ఏడుస్తున్నప్పటిది కాదు.

ట్రాన్స్‌డ్యూసర్ (ధమనిలోని ఒత్తిడిని కొలిచి తెరకు పంపే పరికరం) ఎక్కడుందన్నదీ చూడాలి. తల ఎత్తినప్పుడు చెవి గుండెకన్నా 13 సెం.మీ. పైనుంటే మెదడుకందే ఒత్తిడి 10 తగ్గుతుంది. తెరమీద 55, అక్కడ 45. చెవి ఎత్తులోనే సున్నా పెట్టండి.

అపోహ: కఫ్ మూడు నిమిషాలకోసారి కొడితే చాలు.

వాస్తవం: చాలదు. 22 లేదా 24 గేజ్ ఆర్టీరియల్ లైన్ (బీపీని క్షణక్షణం చూపేందుకు ధమనిలో పెట్టే సన్నని గొట్టం) ఉండాలి. అమలాపురమైనా భీమవరమైనా, లైన్ పెట్టే వీల్లేని థియేటర్లో బీపీ పెరగకుండా చూసుకోవడంతో ఆగండి.

అపోహ: నైట్రోప్రుస్సైడ్ (రక్తనాళాలను సడలించి బీపీని వేగంగా దించే మందు) లేకపోతే పని కాదు.

వాస్తవం: ప్రొపోఫాల్‌కు (మత్తుమందు) తోడు రెమిఫెంటానిల్ (నొప్పి తెలియనివ్వని మందు), కిలోకు నిమిషానికి 0.1–0.3 మైక్రోగ్రాములు, చాలాసార్లు సరిపోతుంది. గుండె వేగం పడిపోకుండా చూడాలి; చిన్నపిల్లల్లో రక్తప్రసరణ ఆ వేగం మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. నైట్రోప్రుస్సైడ్ వాడక తప్పకపోతే వెలుతురు తగలనివ్వకండి. మోతాదు పెంచుతున్నా బీపీ దిగక, రక్తంలో లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ సరిగా వాడుకోవడం కుదరనప్పుడు పెరిగే పదార్థం) పెరుగుతుంటే ఆ మందునుంచి పుట్టే సైనైడ్‌ని అనుమానించి ఆపేయండి. విరుగుడు సోడియం థయోసల్ఫేట్.

అపోహ: ఆరోగ్యంగా కనిపించే పిల్లలందరికీ చేయొచ్చు.

వాస్తవం: రంపచోడవరం, చింతూరు ఏజెన్సీ నుంచి రాజమండ్రి, కాకినాడ వచ్చే గిరిజన పిల్లల్లో సికిల్ సెల్ (ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే రక్తజబ్బు) ఉండొచ్చు. ఆ పరీక్ష కాగితం చూడనిదే మొదలుపెట్టొద్దు. రక్తహీనత, కిడ్నీ జబ్బు, తలలో ఒత్తిడి ఉన్నా వద్దు. రాత్రంతా నోరెండబెట్టిన బిడ్డకు చిన్న మోతాదుకే బీపీ కూలుతుంది. మంచినీళ్లు రెండు గంటల ముందువరకు తాగించొచ్చు. మీగడ పడిన బొండాం నీళ్లు ఆ లెక్కలోకి రావు.

అపోహ: ఒకసారి దించితే పిల్లాడికి ఎప్పటికీ లోబీపీయే.

వాస్తవం: రెమిఫెంటానిల్ ఆపిన 5–10 నిమిషాల్లో ప్రభావం పోతుంది. వెన్నుకు రాడ్ బిగించి సరిచేసేముందే మామూలుకు తెస్తాం, వెన్నుపాముకు రక్తం తగ్గకూడదు. కుట్లు వేసేముందూ అంతే. దాక్కున్న రక్తనాళం అప్పుడే బయటపడుతుంది.