ఐదు శివాలయాల మీదుగా నాగావళి

శ్రీకాకుళంలో చినుకు ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది. అయినా నాగావళి ఎర్రగా పొంగి వస్తుంది. "పైన ఒడిశాలో వాన పడిందిరా" అంటారు పెద్దవాళ్లు. మాట నిజమే. నది పొడవు 256 కిలోమీటర్లయితే, అందులో 161 దాకా ఒడిశాలోనే ఉంది.

కలహండి జిల్లాలో లఖ్‌బహల్ దగ్గర తూర్పు కనుమల్లో పుట్టే ఈ ఏటికి మంచు ఆసరా లేదు. వాననీళ్లు, కొండ ఊటలే దిక్కు. గోదావరిలో వరద రోజుల తరబడి నడిచి వస్తుంది. ఇక్కడ వాలు ఎక్కువ, దారి తక్కువ కాబట్టి ఒడిశాలోని రాయగడలో కురిసింది మనకి తొందరగానే చేరుతుంది.

బలరాముడు నాగలితో ఈ నదిని తెచ్చి, ఒడ్డున ఐదు చోట్ల శివలింగాలు ప్రతిష్ఠించాడని చెప్పుకుంటారు: రాయగడ వైపు పాయకపాడు, కొమరాడ మండలంలో గుంప, వంగర మండలంలో సంగాం, శ్రీకాకుళం, కళ్లేపల్లి. కథని పక్కన పెట్టి ఆ చోట్లు చూడండి. గుంపలో జంఝావతి వచ్చి కలుస్తుంది. సంగాంలో సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి. కళ్లేపల్లి దగ్గర సముద్రం. ఐదింట్లో మూడు, నీటి లెక్క మారిపోయే చోట్లే! ఆ రోజుల్లో గుడికి చోటు చూసినవాళ్లకి ఏరు బాగా తెలుసనిపిస్తుంది నాకు.

అసలు సంగతంతా సంగాం దగ్గర ఉంది. నాగావళి ఉత్తరాన ఒడిశా కొండల నీళ్లు తెస్తుంది. వేగావతి పాచిపెంట కొండల నుంచి, సువర్ణముఖి సాలూరు కొండల నుంచి, అంటే పడమటి వైపు నుంచి వస్తాయి. రెండు వైపులా వాన ఒకేలా పడాలని లేదు. సాలూరులో కుండపోతగా కురిసి రాయగడలో తెరిపిస్తే, సంగాంకి ఎగువన నాగావళి మీదున్న తోటపల్లి బ్యారేజీ దగ్గర ఏరు మామూలుగానే ఉండి, సంగాం దిగువన మాత్రం పెరుగుతుంది. ఒక వరద పోటు ముందు దాటిపోయి రెండోది వెనక వస్తే ఫర్వాలేదు. వాయుగుండం రెండు చోట్లా కుమ్మేసి, రెండు పోట్లూ ఒకే వేళకి సంగాం చేరితేనే టెన్షన్. అందుకే తోటపల్లి గేట్లు, సువర్ణముఖి మీదున్న మడ్డువలస గేట్లు ఎప్పుడు ఎత్తుతారన్నది దిగువ ఊళ్లకి అంత ముఖ్యం.

చివర్లో కళ్లేపల్లి దగ్గర ఇంకో చిక్కు. సముద్రం పోటు మీదుంటే వరద నీరు తేలిగ్గా దిగదు. అమావాస్యకో పౌర్ణమికో పోటు మరీ ఎక్కువ. కాబట్టి వరద వేళ రాయగడ వానతో పాటు తిథి కూడా చూసుకోవాలి.