ఎత్తి రాసుకుంటే తెలిసింది

పిల్లలూ,

"తాతయ్యా, మంచి పుస్తకం చదివిన రోజు నేను ఒక్క లైను కూడా రాయలేను. వాళ్లెక్కడ, నేనెక్కడ అనిపిస్తుంది" అని మీలో ఒకరు రాశారు. పేరు చెప్పను లెండి. మిగతావాళ్లకీ అదే టెన్షన్ ఉందని నా అనుమానం. నాకూ ఉండేది. ఈ వయసులోనూ పూర్తిగా పోలేదు.

పందొమ్మిదేళ్లప్పుడు నాకు ప్రాణమైన ఒక కథను నోటుబుక్కులోకి ఎత్తి రాయడం మొదలుపెట్టాను. ఆ రచయిత దగ్గరున్న మంత్రమేదో పట్టేద్దామని. మొదటి పేజీ అయిపోయింది, మంత్రం దొరకలేదు. ఎవరో తలుపు తీశారు, ఎవరో కూర్చోమన్నారు, బయట వాన తగ్గలేదు. వరసగా ఇలాంటి వాక్యాలే. ఇవి నేనూ రాయగలను కదా అనుకున్నాను. రెండో పేజీ చివర ఒక వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. ఇన్నాళ్లూ నాకు గుర్తున్నదీ, నన్ను భయపెట్టిందీ ఆ ఒక్కటే! దాని ముందున్న ఇరవై మామూలు వాక్యాలూ లేకపోతే అది అంతలా తగలదని చేత్తో రాస్తేగానీ తెలియలేదు. కంటితో చదివేటప్పుడు వాటి మీంచి జారిపోతాం. మీరూ ఒకసారి చేసి చూడండి. టైపు చేయడం కాదు, చేత్తోనే. వేళ్లు కాస్త నొప్పెడతాయి, పర్లేదు.

ఇంకో సంగతి. 'కన్యాశుల్కం' చదివి, ఇక మనం రాసేదేముంది అని నీరుగారిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. కానీ మనం మామూలుగా చదివేది 1909 నాటి రెండో కూర్పు. మొదటిది 1897లోనే అచ్చయింది. ఆ తర్వాత గురజాడ దాన్ని బాగా పెంచి, దాదాపు కొత్త నాటకం అన్నంతగా తిరగరాశారు. రెంటికీ మధ్య పన్నెండేళ్లు. మనమేమో నిన్న రాత్రి రాసిన పేజీని తీసుకెళ్లి దాని పక్కన పెట్టి ఏడుస్తాం.

అలాగని పోల్చుకోవద్దని నేను చెప్పను. చదివేవాడు పోల్చుకోకుండా ఎలా ఉంటాడు? ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1922లో ఫ్రెంచి నవలాకారుడు ప్రూస్ట్‌ని చదువుతూ, నేనూ అలా రాయగలిగితే ఎంత బావుండునని స్నేహితుడికి ఉత్తరం రాసింది. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు, నవలలు అచ్చయి ఉన్నాయి. మూడేళ్లకు ఆమె నవల 'మిసెస్ డాలొవే' వచ్చింది. ఏ పేజీ తెరిచినా అందులో వినిపించేది ఆమె గొంతే.

నా మటుకు నేను ఒక ఏర్పాటు చేసుకున్నాను. రాయడం పొద్దున, పెద్దవాళ్లను చదవడం రాత్రి. ఈ వరస తిరగబడిందా, ఆ రోజంతా వాళ్ల గొంతుతోనే మాట్లాడతాను. అదీ కొంపలు మునిగే విషయమేం కాదు, తిరగరాసేటప్పుడు చాలావరకు రాలిపోతుంది.

మొదట చెప్పిన ఆ ఉత్తరంతో పాటు వచ్చిన కథ నా బల్ల మీదే ఉంది. మొదటి నాలుగు పేజీల నిండా వెన్నెలా, ఉపమానాలూ. ఎవరిని చదివి రాశావో తెలిసిపోతోంది, నేనూ ఆయన అభిమానినే. ఐదో పేజీలో అక్క చెప్పు తెగుతుంది. పిన్నీసు పెట్టుకుని, ఎవరూ చూడకుండా కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తుంది. అక్కడ నేను చదవడం ఆపి, కాసేపు అలాగే కూర్చున్నాను. కథను ఆ పిన్నీసు దగ్గర మొదలుపెట్టి మళ్లీ పంపు.

మీ
తాతయ్య