తల్లీకొడుకుల ప్రయాణం మీద కామెడీ సినిమా: అపోహలు - వాస్తవాలు

అరవై దాటిన అమ్మ, ముప్పై దాటిన కొడుకు, ఒక కారు, తిరుపతి నుంచి ఎక్కడికో ఒక దారి. కెమెరా పట్టినవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ కథ తడుతుంది. తట్టాలి కూడా, నవ్వు పండటానికి ఇంత మంచి నేల ఇంకోటి లేదు. కాకపోతే ఈ కథ చుట్టూ కొన్ని నమ్మకాలు పాతుకుపోయాయి. స్క్రిప్టు నుంచి ఎడిటింగ్ దాకా ఒక్కోటి ఒక్కోచోట దెబ్బకొడుతుంది.

అపోహ: జోకులు ఎన్ని ఎక్కువుంటే సినిమా అంత నవ్విస్తుంది.

వాస్తవం: ఈ కథలో నవ్వు జోకుల్లోంచి రాదు, కూర్చున్న తీరులోంచి వస్తుంది. ఇంట్లో మాటామాటా పెరిగితే ఒకరు వంటింట్లోకి, ఇంకొకరు వీధిలోకి పోతారు. కారులో పోవడానికి చోటు లేదు. పైగా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రోడ్డు వైపే చూస్తుంటారు. ఎదురెదురుగా కూర్చుంటే పెదవి దాటని మాట, ముఖం చూడక్కర్లేనప్పుడు దాటుతుంది. పెళ్లి సంగతి, అప్పు సంగతి, పోయిన నాన్న సంగతి అన్నీ అలాగే బైటపడతాయి. రాసేటప్పుడు ప్రతి సీనునూ ఇలా పరీక్షించండి: ఈ మాటలు ఇంట్లో సోఫా మీద అనుకున్నా నడుస్తాయా? నడిస్తే ఆ సీను కారుకు పనికిరాదు.

చిన్న ఉదాహరణ. ఉదయం ఆరున్నర. కారు చంద్రగిరి దాటింది.

"పొద్దున్నే ఏమన్నా తింటివా?"

"తింటిని మా."

అమ్మ ఏమీ అనదు. రోడ్డు చూస్తూనే కాళ్ల దగ్గరున్న వైరు బుట్టలోంచి స్టీలు డబ్బా తీసి ఒళ్లో పెట్టుకుని మూత తీస్తుంది. టప్‌మని చప్పుడు. చిత్రాన్నం వాసనకు కొడుకు కళ్లు ఒక్క క్షణం డబ్బా మీదికి పోయి మళ్లీ రోడ్డు మీదికొస్తాయి.

"ఏంటికి అబద్ధాలు చెప్తావు నాయనా?"

ఇక్కడ నవ్వు పుట్టేది చివరి మాటకు కాదు, మూత చప్పుడుకు. "తింటిని మా"కూ మూతకూ మధ్య సెకనున్నర, అంటే సెకనుకు 24 చొప్పున 36 ఫ్రేములు, ఖాళీ వదలాలి. 12 ఫ్రేములకే మూత తీస్తే అమ్మ అతని మాట విననట్టుంటుంది. 60 దాటితే అలిగినట్టుంటుంది. మధ్యలో ఉంటేనే ఆమె లోపల లెక్క వేసుకుంటోందని చూసేవాళ్లకు తెలుస్తుంది. ఆ చప్పుడు మీద ఇంకో డైలాగు పడినా, కింద మ్యూజిక్ పరిచినా సీను పోయినట్టే.

అపోహ: క్లోజప్పులుంటేనే నటన కనబడుతుంది.

వాస్తవం: అమ్మ మాట్లాడుతుంటే కొడుకు దవడ బిగుసుకోవడం అదే ఫ్రేములో, అదే క్షణంలో కనబడాలి. కట్ చేసి చూపిస్తే అది ఎడిటర్ చెప్పిన జోకు అవుతుంది, వాళ్లది కాకుండా పోతుంది. కాబట్టి ఇద్దరూ కనిపించే టూ షాటే ఈ సినిమాకు వెన్నెముక. బానెట్ మీద కెమెరా బిగించినప్పుడు ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌కు 35 ఎం.ఎం. లెన్సు సరిగ్గా సరిపోతుంది. 24కు వెళ్తే ముక్కులు సాగుతాయి, 50కి వెళ్తే చెరో భుజం ఫ్రేము బైట పడుతుంది.

బిగించేటప్పుడు అద్దం, బానెట్ రెండూ దుమ్ము లేకుండా తుడవాలి. సక్షన్ కప్పులు కనీసం మూడు, వాటికి తోడు లాగి బిగించే రాట్చెట్ బెల్టులు రెండు. ఎండకు గాలి బిగువు తగ్గుతుంది కనుక కప్పు పంపు మీది ఎర్రగీత బైటికొచ్చిందేమో టేకు టేకుకూ చూడాలి. విండ్‌షీల్డు మీద ఆకాశం ప్రతిబింబాన్ని చంపడానికి లెన్సు ముందు పోలరైజర్ అనే ఫిల్టర్ పెట్టి తిప్పుతారు. అది స్టాపున్నర నుంచి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది), ముందే లెక్కలో వేసుకోండి. వెనక అద్దం టెంపర్డ్ గ్లాసు కాబట్టి పోలరైజర్‌లోంచి దాని మీద మచ్చలు మచ్చలుగా కనబడతాయి. పూర్తిగా తిప్పకుండా కొంచెం ప్రతిబింబం ఉండనివ్వడమే మేలు. చెట్ల నీడలు ముఖాల మీదుగా జారుతుంటే కారు కదులుతోందన్న నమ్మకం కూడా కలుగుతుంది.

కెమెరా చూపుకు అడ్డమొస్తే నటుడి చేత కారు తోలించకూడదు. ఇందులో బేరం లేదు. నేలకు దగ్గరగా ఉండే లో లోడర్ ట్రెయిలర్ మీద కారు పెట్టి లాగాలి. మామూలు లారీ మీద ఎక్కిస్తే కారు ఎత్తు పెరిగి, పక్కన పోయే ఆటోలు గుంతలో ఉన్నట్టు కనబడతాయి.

టూ షాట్‌లోనే తీయాల్సినది ఇంకోటుంది. బయల్దేరే ముందు అమ్మకు సీటు బెల్టు పెట్టడం రాదు. కొడుకు ఆమె మీదుగా వంగి, పైటకొంగు చిక్కుకోకుండా పక్కకు తీసి, క్లిప్పు నొక్కుతాడు. ఒకప్పుడు ఆమె అతని చొక్కా గుండీలు పెట్టింది కూడా అంతే దగ్గరగా. నాలుగు సెకన్లు, మాట ఉండకూడదు.

అపోహ: సౌండు ఎలా వచ్చినా డబ్బింగ్‌లో చూసుకోవచ్చు.

వాస్తవం: తల్లీకొడుకులు ఒకరి మాట మీద ఇంకొకరు మాట్లాడతారు. ఆ తొక్కిసలాట డబ్బింగ్ థియేటర్‌లో విడివిడిగా నిలబడి చెబితే రాదు. షూటింగులోనే మాటలు రికార్డు చేసే సింక్ సౌండే దిక్కు. ఏసీ బ్లోయర్ ఆపాలి, అద్దాలు ఎక్కించాలి, ఇద్దరికీ బట్టల్లో దాచే చిన్న లేపల్ మైకు చెరోటి పెట్టి, సన్ వైజర్ వెనక అదనంగా ఇంకోటి దాచాలి. పట్టుచీర గరగరలాడుతుంది, నూలు చీర మెత్తగా ఉంటుంది, కాస్ట్యూమ్ ఎంచేటప్పుడే సౌండు మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. మైకు మెడలో గొలుసుకు తగలకుండా మెడికల్ టేపుతో జాకెట్టుకు అంటించాలి. గాజుల్ని టేకులో పల్చటి రబ్బరుతో కట్టి, వాటి చప్పుడు తర్వాత విడిగా రికార్డు చేసుకోవాలి.

ఒక్క నియమం పాటిస్తే ఎడిటింగ్‌లో సగం కష్టం తప్పుతుంది. టూ షాట్‌లో మాటల మీద మాటలు పడనివ్వండి, ఒక్కరే కనిపించే సింగిల్ షాట్‌లో పడనివ్వకండి. సింగిల్‌లో రెండో గొంతు కలిసిందంటే ఆ టేకును ఎక్కడా కోయలేరు.

మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేకుండా అద్దాలు మూసిన కారులో టేకు ఐదు నిమిషాలకు మించకూడదు. టేకుకూ టేకుకూ మధ్య తలుపులు బార్లా తీసి చల్లబరచాలి, వయసు మీదపడిన నటి ఉన్నప్పుడు మరీ ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. జనవరి, ఫిబ్రవరి నెలలు పెట్టుకోండి.

అపోహ: చిత్తూరు యాస పెడితే చాలు, నవ్వు దానంతటదే వస్తుంది.

వాస్తవం: యాస జోకు కాదు. దాన్ని జోకుగా వాడటం ఈ ప్రాంతపు అమ్మలకు చేసే అవమానం, ఈ మాట గట్టిగానే చెప్పాలి. పైగా చిత్తూరు యాస అన్నది ఒకే ముద్ద కాదు. నగరి, సత్యవేడు వైపు తమిళం కలుస్తుంది, పుంగనూరు వైపు కన్నడం తగులుతుంది. అమ్మది ఏ ఊరో ముందు తేల్చండి. సినిమా భాషలో "బాబూ" అనిపించకండి, "నాయనా", "అబ్బోడా", కోపమొస్తే "రేయ్" అనిపించండి.

యాసకు అసలు పని ఇంకోటుంది. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు ఆఫీసు ఫోను ఎత్తితే "వస్తున్నాను" అంటాడు, అమ్మతో "వస్తా ఉండా" అంటాడు. ఒక సీనులో అమ్మతోనే "నువ్వు ఎందుకు అలా చేస్తున్నావు?" అని పుస్తకం తెలుగులో అడిగితే, అతను ఎంత దూరం జరిగాడో ఇంకొక్క డైలాగు లేకుండా తెలిసిపోతుంది. అమ్మ ముఖం మీద అది పడాలి.

అపోహ: రోడ్డు సినిమాను దారి పొడవునా రోడ్డు మీదే తీయాలి.

వాస్తవం: 2012లో బార్బ్రా స్ట్రైసాండ్, సెత్ రోజెన్ తల్లీకొడుకులుగా వచ్చిన 'ది గిల్ట్ ట్రిప్' కథలో కారు న్యూజెర్సీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా పోతుంది. చిత్రీకరణ చాలా భాగం లాస్ ఏంజెలెస్ పరిసరాల్లోనే జరిగింది. ప్లేట్లు, అంటే నటులు లేని ఖాళీ రోడ్డు షాట్లు, విడిగా తీసి, ఆగి ఉన్న కారు వెనక కలపడం పాత పద్ధతే. ముందు, వెనక, కుడి, ఎడమ నాలుగు వైపులా, ఒక్కోటి కనీసం ఐదు నిమిషాలు, బండి ఆపకుండా తీయండి. లెన్సు ఎత్తు కారులో కూర్చున్నవాళ్ల కంటి ఎత్తులో ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక సెకనుకు 24 ఫ్రేములు తీసేటప్పుడు కెమెరా షట్టర్ కోణం 172.8 డిగ్రీలు పెడితే లైట్లు మిణుకుమిణుకుమనవు. అమ్మది ఆకుపచ్చ చీరో, పచ్చ గాజులో అయితే ప్లేట్లు కలపడానికి కారు వెనక కట్టే తెర (మ్యాట్) గ్రీన్ వద్దు, బ్లూ పెట్టండి. స్టీలు డబ్బా మ్యాట్ రంగును అద్దంలా చూపిస్తుంది, దాని మీద మెరుపు తగ్గించే డల్లింగ్ స్ప్రే కొట్టాలి. మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ మలుపుల్లో డైలాగు సీన్లు పెట్టుకోకండి, అక్కడ ప్లేట్లు మాత్రమే.

దిక్కులు కూడా చూసుకోండి. తిరుపతి నుంచి పూతలపట్టు మీదుగా చిత్తూరు పోతుంటే పొద్దున ఎండ కారు వెనకనుంచి వస్తుంది, ముఖాలు నల్లబడతాయి. అదే దారిలో చిత్తూరు నుంచి తిరుపతికి తోలుతూ తీస్తే ముఖాల మీద వెలుగు పడుతుంది. ఊరి బోర్డులు, కిలోమీటరు రాళ్లు ఫ్రేములో పడకపోతే ఎవరికీ తెలియదు.

అపోహ: తిరుమలలో గుట్టుగా రెండు షాట్లు లాగేయొచ్చు.

వాస్తవం: కొండ మీద సినిమా షూటింగులకు అనుమతి లేదు, డ్రోను నిషిద్ధం. గుట్టుగా తీయడం తప్పు, కథకు అవసరమూ లేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కొచ్చిన అమ్మ మోకాళ్లు పట్టుకుని కారు ఎక్కలేకపోవడంలో ఉన్న నవ్వూ ప్రేమా మెట్ల మీద షాట్‌లో లేవు. ఘాట్‌రోడ్డు షాట్లు వేరేచోట తీసి తిరుమల అని చెప్పేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. 1944 నాటి మొదటి ఘాట్ దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఎదురుగా బస్సొచ్చినట్టు చూపిస్తే తిరుపతి థియేటర్‌లో సీను అక్కడే చచ్చిపోతుంది.

చంద్రగిరి కోటకు పురావస్తు శాఖ, తలకోనకు అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. ఫ్రేములో ఆవు చేత నటింపజేస్తే జంతు సంక్షేమ బోర్డు అనుమతి లేకుండా సెన్సారు దాటదు.

అపోహ: చివర్లో అమ్మను ఆసుపత్రిలో పడుకోబెడితేనే కళ్లు తడుస్తాయి.

వాస్తవం: అక్కర్లేదు. మొదట్లో బెల్టు సీను సరిగ్గా తీసి ఉంటే చివర ఖాళీ సీటు చాలు. అమ్మను ఇంటి దగ్గర దించి కొడుకు ఒక్కడే బయల్దేరతాడు. అదే బానెట్ షాట్, అదే 35 లెన్సు. ఆమె పెట్టి పంపిన వైరు బుట్ట పక్క సీట్లో ఉంది. కారు బెల్టు పెట్టమని బీప్ బీప్ మంటుంది. అతను వంగి బుట్టకు బెల్టు పెడతాడు. 2019 జూలై తర్వాత తయారైన కార్లకు పక్క సీటు బెల్టు హెచ్చరిక తప్పనిసరి, కాబట్టి కారును దాన్ని బట్టి ఎంచుకోండి. బుట్ట తేలికైతే సీటులోని సెన్సర్ పలకదు, అడుగున ఊరగాయ జాడీ పెట్టి ముందురోజే సరిచూసుకోండి. బీప్ చప్పుడు విడిగా ఓ నిమిషం రికార్డు చేసి ఉంచుకోండి.