ఖజానా రాగి బిళ్ళ: పేచీ 1663 నాటిది

పాత నాణేల వేలంలో ఫ్రాన్స్ రాజఖజానా పేరున్న బిళ్ళ కనబడితే చాలు, పాత గొడవ మళ్ళీ మొదలవుతుంది. రాజు వేయించిందా, జర్మన్ నకిలీయా? ఈ మాట తేలాలంటే ముందు ఒకటి గుర్తుంచుకోవాలి. జెటాన్ అనే ఈ బిళ్ళ డబ్బు కాదు, లెక్క కట్టే సాధనం. గీతల బల్ల మీద ఒక గీతపై పెడితే ఒకటి, పై గీతకు జరిపితే పది. ఫ్రెంచి డబ్బులో 12 దెనియేలు ఒక సోల్, 20 సోల్‌లు ఒక లీవ్ర్ అయ్యే రోజుల్లో కూడికలకు అదే సులువు. తన చిన్నాచితకా వారసత్వాలన్నీ కలిపితే 5,30,000 లీవ్ర్‌ల ఆస్తి అయ్యేదని ఉత్తరాలకు పేరొందిన ఫ్రెంచి రచయిత్రి మదామ్ ద సెవిన్యే 1671లో లెక్క చూసుకున్నది ఈ బిళ్ళలతోనే.

అసలు మలుపు ఫ్రాన్స్ రాజు 14వ లూయీ మంత్రి కొల్బేర్ తెచ్చాడు. 1661లో అంతకుముందు ఆర్థిక వ్యవహారాలు చూసిన ఫుకే అరెస్టయ్యాక రాజు ఖజానా వ్యవహారం ఆయన చేతికొచ్చింది. 1663లో పతకాలకు, బిళ్ళలకు లాటిన్ వాక్యాలు కూర్చడానికి పండితులతో చిన్న అకాడమీ పెట్టాడు. ఇక బిళ్ళకు ఒకవైపు రాజు ముఖం, రెండోవైపు ఆయన ఘనత చాటే బొమ్మ, అడుగున ఖజానా పేరు, సంవత్సరం. వెండివి కొత్త ఏడాది కానుకగా పెద్ద అధికారులకు వెళ్ళేవి, రాగివి కింది ఉద్యోగులకు దక్కేవి. లెక్కల సామాను రాజు ప్రచారమైపోయింది.

ఆ ముఖానికి గిరాకీ పెరిగాక జర్మనీలోని న్యూరెంబర్గ్ పనివాళ్ళు ఊరుకుంటారా? అచ్చం అలాంటివే పల్చటి ఇత్తడి రేకు మీద కొట్టి అమ్మారు. వాళ్ళను దొంగలనడం నాకు న్యాయంగా అనిపించదు. వాళ్ళలో ఒకడైన లాజరస్ గోట్లీబ్ లౌఫర్ తన పేరు పొడి అక్షరాలు దాచుకోలేదు. చాలా బిళ్ళల మీద జర్మన్‌లో 'లెక్క బిళ్ళ' అని పొట్టిగా రాసే ఉంటుంది. ఆ అక్షరాలు కనబడుతున్నా 'రాజఖజానా స్మారకం' అని అమ్మేవాళ్ళనే అడగాలి.

రాగిదైనంత మాత్రాన లూయీ కాలానిదని కూడా అనుకోకూడదు. పారిస్ టంకశాల పాత అచ్చులతో 19వ శతాబ్దంలో మళ్ళీ కొట్టింది. అంచు తిప్పి చూడండి: ఫ్రెంచిలో 'రాగి' అన్న మాట, పక్కన తేనెటీగ గుర్తు ఉంటే అది 1860 తర్వాతిది.