కారు అడుగు తుప్పు: అపోహలు - వాస్తవాలు

అపోహ: పాత అండర్‌కోటింగ్ (కారు అడుగున తుప్పు పట్టకుండా వేసే పూత) నల్లగా, మందంగా ఉందంటే లోపల రేకు బాగానే ఉన్నట్టు.

వాస్తవం: పాత కారు కొని బాగుచేద్దామనుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తారు రకం పూత ఏళ్లు గడిచేకొద్దీ బిరుసెక్కి పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలోంచి దిగిన నీళ్లు పూతకీ రేకుకీ మధ్య చేరి ఆరవు. పైకి నలుపు అలాగే కనిపిస్తుంది, లోపల రేకు పొరలు పొరలుగా ఊడుతూ ఉంటుంది. అందుకే కళ్లతో చూసి వదిలేయకండి. స్క్రూడ్రైవర్ పిడితో జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది, పూత వదిలేసిన చోట డొల్లగా వినిపిస్తుంది. అక్కడ స్క్రాపర్ మొన దూరిస్తే పెచ్చంతా ఒకేసారి లేచి, వెనకాల నుంచి గోధుమరంగు పొడి రాలుతుంది. జాకీ పెట్టే చోట్లు, సిల్స్ (తలుపుల కింద పొడవునా ఉండే బోలు రేకు భాగాలు) కింది అంచు, చక్రాల పైన లోపలి మడత, సస్పెన్షన్ బిగించే చోట్లు మొదట చూడండి. జాక్ స్టాండ్ (ఎత్తిన కారును మోసే ఊత) పెట్టేముందు కూడా ఈ పరీక్ష తప్పనిసరి. తుప్పు తిన్న చోట స్టాండ్ పెడితే రేకు నలిగి కారు మీద పడుతుంది.

గట్టిగా అతుక్కుని, అంచులు కూడా పైకి లేవకుండా ఉన్న పూతను పీకాల్సిన పనిలేదు.

అపోహ: గ్రైండర్‌కి వైర్ వీల్ తగిలిస్తే పూతంతా వచ్చేస్తుంది.

వాస్తవం: రాపిడి వేడికి తారు కరిగి రేకంతా పులుముకుంటుంది. హీట్ గన్‌తో (వేడిగాలి కొట్టే పరికరం) మెత్తబరిచి స్క్రాపర్‌తో లాగడం మేలు. పొగ రాకూడదు, మెత్తబడితే చాలు. పెట్రోల్ ట్యాంకు, పైపుల దగ్గర మాత్రం వేడి వద్దు. మిగిలిన జిడ్డును రేకు పూర్తిగా చల్లారాక మినరల్ స్పిరిట్స్‌తో (పెయింట్ పలుచన చేసే ద్రావకం) తుడవండి. బాగా పాత కార్ల పూతల్లో కొన్నిటిలో ఆస్బెస్టాస్ ఉండేది. అనుమానం ఉంటే ముందు నమూనా పరీక్ష చేయించండి, అప్పటిదాకా గీకొద్దు.

అపోహ: రస్ట్ కన్వర్టర్ రాస్తే తుప్పు మళ్లీ ఇనుమైపోతుంది.

వాస్తవం: అవ్వదు. అందులోని టానిక్ ఆమ్లమో ఫాస్ఫారిక్ ఆమ్లమో తుప్పును స్థిరమైన మరో పదార్థంగా మారుస్తుంది, అంతే. తినేసిన రేకు తిరిగి రాదు. పలుచగా, గట్టిగా పట్టిన తుప్పు మీదే ఇది పనిచేస్తుంది. పెచ్చుల మీద రాస్తే ద్రవం అడుగుదాకా చేరక, పైన నల్లబడి అంతా అయిపోయిందన్న భ్రమ మాత్రం మిగులుతుంది. స్క్రూడ్రైవర్ మొన దిగిపోతున్న రేకుకి ఏ మందూ లేదు. గట్టి రేకు తగిలేదాకా కోసి, కొత్త ప్యాచ్ వెల్డ్ చేయాలి.

అపోహ: కొత్త పూత ఎంత మందంగా కొడితే అంత రక్షణ.

వాస్తవం: మందం కన్నా వరుస ముఖ్యం. శుభ్రమైన రేకు మీద ఎపాక్సీ ప్రైమర్ (రేకుకి గట్టిగా పట్టే తొలిపూత), అతుకుల్లో నీళ్లు దూరకుండా సీమ్ సీలర్, ఆ తర్వాతే పైపూత. నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోండి.

అపోహ: అడుగున పూత వేస్తే పని పూర్తయినట్టే.

వాస్తవం: సిల్స్ చాలావరకు లోపలి నుంచే పుచ్చుతాయి. పొడవాటి నాజిల్‌తో లోపల క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టాలి. అది మండుతుంది కాబట్టి వెల్డింగ్ అంతా అయ్యాకే, చిట్టచివర కొట్టండి.