మోచేతికి టేపు: అంటించాక పిడికిలి బిగించి చూడండి

టెన్నిస్ ఎల్బో, అంటే మోచేతి బయటివైపు నొప్పి, వచ్చినవారిలో టెన్నిస్ రాకెట్ పట్టినవారు తక్కువే. 1883 ప్రాంతంలో ఇంగ్లండులో లాన్ టెన్నిస్ ఆటగాళ్ల వల్ల ఆ పేరు పడింది. తాపీ పనివారికి, బట్టలు పిండేవారికి, స్క్రూడ్రైవర్ తిప్పేవారికి కూడా వస్తుంది. అరచేయి కిందికి పెట్టి గిన్నె ఎత్తబోతే మోచేతి బయటివైపు ఎముక గుబ్బ దగ్గర చురుక్కుమంటుంది. మణికట్టును పైకి లేపే కండరాల టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) ఆ గుబ్బకే అతుక్కుని ఉంటుంది. ఏదైనా గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు వాలిపోకుండా ఆపేది ఆ కండరాలే కాబట్టి, పిడికిలి బిగించినా నొప్పే.

టేపు టెండన్‌ను బాగుచేయదు. చేసేదల్లా నొప్పి లేకుండా పట్టుకోగల బలాన్ని కాసేపు పెంచడం. అదీ అందరిలోనూ కాదు.

ఫిజియోథెరపిస్టులు ఎక్కువగా వాడే పద్ధతిలో సాగని టేపు ముక్కలు నాలుగు, గుబ్బ చుట్టూ డైమండ్ ఆకారంలో వేస్తారు. ముందు చర్మాన్ని సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. కొబ్బరినూనె రాసిన చేతికి ఏ టేపూ నిలవదు. వెంట్రుకలు దట్టంగా ఉంటే కత్తిరించాలి. మోచేయి కాస్త వంచి, చేయి వదులుగా బల్లమీద పెట్టాలి. చర్మాన్ని కాపాడే పలచని తెల్ల టేపు అడుగున, దానిమీద 38 మిల్లీమీటర్ల గట్టి టేపు. ప్రతి ముక్కనూ మణికట్టువైపు నుంచి భుజంవైపుకు అంటిస్తూ, రెండో చేత్తో చర్మాన్నీ కింది కండనూ గుబ్బవైపు నెట్టాలి. సరిగ్గా వేస్తే డైమండ్ మధ్య చర్మం నారింజ తొక్కలా ముడతలు పడుతుంది. ముడతలు లేవంటే టేపు ఊరికే అంటించినట్టే.

వెంటనే పరీక్షించండి. మోచేయి చాపి, నొప్పి మొదలయ్యేదాకా మాత్రమే పిడికిలి బిగించాలి, టేపుకు ముందొకసారి, తర్వాతొకసారి. తేడా లేకపోతే తీసి మళ్లీ వేయాలి. రెండోసారీ లేకపోతే టేపు మీకు పనిచేయదు, అంతే. రంగురంగుల సాగే కినీసియాలజీ టేపుపై ఆధారాలు ఇంకా బలహీనం. ఉత్తుత్తి టేపుకూ చాలామంది ఉపశమనం పొందుతారు.

ఎక్కువమంది చేసే తప్పు చేయి చుట్టూ బిగించి కట్టడం. రక్తం ఆడక వేళ్లు తిమ్మిరెక్కుతాయి, రంగు మారతాయి. అప్పుడు క్షణం ఆగకుండా తీసేయాలి. దురద, మంట వచ్చినా అంతే. ఇవేవీ లేకపోతే ఒకటి రెండు రోజులు ఉంచి, తడిపి, చర్మాన్ని నొక్కి పట్టుకుని మెల్లగా ఒలవాలి. లాగి పీకితే పైపొర లేచొస్తుంది.

టేపు ఉన్న ఆ సమయంలోనే అసలు వైద్యం చేయాలి. ముంజేయి బల్లమీద, అరచేయి కిందికి, చేతిలో అర కిలో సీసా. మణికట్టును కదలకుండా 30 నుంచి 45 సెకన్లు నిలపాలి, మధ్యలో విరామమిస్తూ నాలుగైదుసార్లు. భరించగలిగేంత నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాటికి పెరిగితే బరువు తగ్గించాలి. నొప్పి గుబ్బమీద కాక నాలుగు సెంటీమీటర్ల కింద ఉండి, వేళ్లు పైకి లేవడం బలహీనపడితే అది నరం సమస్య కావచ్చు. అలాంటప్పుడు టేపు జోలికి పోకుండా డాక్టరుకు చూపించాలి.